కూలికి రాలె, సూడనీకి వచ్చినం

అమరచింత అవతలి పల్లెలో సరోజ ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ సరోజ అని ఎదురు అడుగుతారు. బొంబాయి సరోజ అంటే మాత్రం బస్సు దిగిన చోటు నుంచే వేలు పెట్టి చూపిస్తారు. బొంబాయిలో పదేళ్లు కూలి చేసినందుకు వచ్చిన పేరు కాదది. ఆ లెక్కన ఊళ్లో సగం మందికి ఇంటిపేరు బొంబాయే కావాలి. బొంబాయికి పోయి, కూలి చెయ్యకుండా తిరిగొచ్చినందుకు వచ్చిన పేరు. అట్లాంటి పని అంతకుముందు ఆ ఊళ్లో ఎవరూ చేసి ఎరగరు.

పెళ్లయిన ఏడాదే సరోజ, సామ్యూల్ బొంబాయి బస్సెక్కారు. వానల్లేవు, ఊళ్లో పనుల్లేవు, గుంపు మేస్త్రీ వచ్చి ముందస్తు డబ్బు చేతిలో పెట్టాడు. పాలమూరు మేస్త్రీలు మనుషులను ఒక్కొక్కరుగా అడగరు, జోడీ లెక్కన అడుగుతారు. మొగుడూ పెళ్లాం కలిస్తే ఒక జోడీ. సంతలో ఎద్దులకైనా నయం, రెండింటినీ ఒకే కాడికి కడతారు. బొంబాయిలో సామ్యూల్‌ను కింద సిమెంటు మాలు కలపడానికి పెట్టారు, సరోజను పైన తట్టలు మోయడానికి పెట్టారు. పేరుకు జోడీ, పొద్దంతా వాళ్లిద్దరి మధ్య ఒక బిల్డింగు ఎత్తు.

ఒక ఏడు కాందివలి వైపు పెద్ద బిల్డింగుకు ఆఖరి స్లాబు పోస్తున్నారు. సరోజ తట్ట దించి, నడుం మీద చెయ్యి పెట్టుకొని, ఊపిరి తీసుకోవడానికి పడమర దిక్కు తిరిగింది. ఇళ్లన్నీ అయిపోయాక, చెట్లు కూడా అయిపోయాక, నీళ్లు కనిపించాయి. ఆరేసిన తెల్లచీర అంచులాగా సన్నగా, పొడుగ్గా. అవి ఏం నీళ్లని ఆమె ఎవరినీ అడగలేదు, చూడగానే తెలిసిపోయింది. పక్కవాళ్లకు చూపిద్దామని చెయ్యి ఎత్తేసరికి సూపర్‌వైజర్ విజిల్ ఊదాడు. విజిల్ మోగిందంటే తట్ట నెత్తిన ఉండాలి. ఆ మాలు పోసి వచ్చి మళ్లీ చూస్తే ఎండ మసకబారి నీళ్లు కనిపించలేదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర మొగుడితో చెప్పింది. అఖిల వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ, అప్పటికి ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది.

“అఖిల నాయినా, నాకు సముద్రం కనవడ్డది.”

“యాడ?”

“స్లాబు మీదికెల్లి. నువ్వు గూడ సూస్తె బాగుండు అనిపిచ్చింది.”

“ఆయితారం పోదాం తియ్యి” అన్నాడు సామ్యూల్, రొట్టె తుంచుకుంటూ. ఆ రొట్టె పూర్తికాకముందే కునికిపాట్లు పడ్డాడు.

సామ్యూల్ అబద్ధాలాడే మనిషి కాదు. ప్రతి ఆదివారమూ నిజంగానే పోదామనుకునేవాడు. ఒకవారం బట్టలుతకడం, ఒకవారం బియ్యం తెచ్చుకోవడం, ఒకవారం గుంపులో ఎవరికో జ్వరం, ఇంకోవారం కాంట్రాక్టరు రెట్టింపు కూలి ఇస్తాననడం. ఇట్లా ఆదివారాలన్నీ జారిపోయాయి. సరోజ తగువు పెట్టుకోలేదు. సముద్రాన్ని తానైతే చూసేసింది. ఆయనను పక్కన కూర్చోబెట్టుకొని, వెనక నుంచి ఎవరూ కేకెయ్యని చోట, ఇద్దరూ కలిసి చూడాలి. ఆమెకు కావలసింది అదొక్కటే, అదే దొరకలేదు.

తర్వాత జూరాల కాలువ నీళ్లు వాళ్ల ఊరి వైపు వచ్చాయి. బొంబాయి వదిలేసి కౌలుకు కాస్త భూమి పట్టారు. అఖిలను ఆత్మకూరు హాస్టల్లో చేర్చారు. రెండువేల ఆరులో పల్లీ పంట చేతికొచ్చింది. విరగబడి పండలేదు గానీ, కౌలు కట్టి, విత్తనాలు తీసిపెట్టాక కూడా కాస్త మిగిలింది. లెక్కలు తేలిన మర్నాడు పొద్దున, విత్తనాల గింజలు చెరుగుతూ సరోజ మెల్లగా మాట కదిపింది.

“బొంబాయి పోయొద్దాం.”

సామ్యూల్ చేతిలో పని ఆపాడు. “ఎందుకే, ఇప్పుడు మనకేం తక్కువైంది? మేస్త్రీ గిట్ల వచ్చిండా?”

“కూలికి గాదు. సూడనీకి.”

ఈ సంగతి ఎట్లా పాకిందో గానీ మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. పక్క చేను నాగప్ప గట్టు మీద నిలబడి నవ్వాడు. “మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది మీ యవ్వారం. పదేండ్లు ఆడనే ఉంటిరి గద, ఇంక సూసేటిదేముందే? ఆ బొంబాయి మట్టంత మీరే మోస్తిరాయె!”

“మోసినం మామా. సూడలె” అంది సరోజ.

సామ్యూల్ భయం మాత్రం పోలేదు. ఆ ఊళ్లో చొక్కా ఇస్త్రీ చేసుకున్న ప్రతివాడూ అతన్ని ఏదో ఒకటి అన్నవాడే. “లాడ్జిల ఉండాలె, హోటల్ల తినాలె. అది పైసలున్నోళ్ల ఊరు. మనతోని అయితదా?” అన్నాడు.

సరోజ ముందే అంతా ఆలోచించి పెట్టుకుంది. పనికి పోయే టెంపోల్లోంచి ఆమె చాలాసార్లు తెల్లదొరల పిల్లలను చూసింది. తమంత బరువు సంచులు వీపున వేసుకొని, అరటిపండ్లు తింటూ, కాళ్లీడ్చుకుంటూ ఊరంతా తిరిగేవాళ్లు. చూస్తే మాసిన బట్టలు, ముఖంలో మాత్రం ఎంత సంతోషమో.

“ఆ పోరగాండ్లు సూస్తలేరా? లాడ్జెందుకు, స్టేషన్ల పండుకుందాం. హోటలెందుకు, రొట్టెలు మోస్కపోదాం. వాళ్లకు సంచి, మనకు మూట, అంతే ఫరక్. సముద్రానికి టికెట్ లేదంట” అంది. అని ఊరుకోకుండా, “మోకాళ్లు మంచిగున్నప్పుడే పోవాలె” అని కూడా అంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలనే రకం మనిషి ఆమె.

జొన్నరొట్టెలు పలచగా కొట్టి, పెనం మీద బాగా ఎండనిచ్చి, కరకరలాడేలా కాల్చింది. అట్లా కాలిస్తే వారమైనా చెక్కుచెదరవు. పల్లీల పొడి, ఎండుకారం, ఉల్లిగడ్డలు, ఒక దుప్పటి, అన్నీ కలిపి ఒకే మూట. క్రిస్మస్‌కు కొనుక్కున్న ఆకుపచ్చ చీర మాత్రం విడిగా కవర్లో పెట్టుకుంది. రాయచూరులో రైలెక్కి, జనరల్ పెట్టెలో కూర్చొని, నిలబడి, మళ్లీ కూర్చొని సాయంత్రానికి దాదర్‌లో దిగారు. స్టేషన్లో దుప్పటి పరిచారు. చుట్టూ వాళ్లలాంటివాళ్లే బోలెడు మంది ఉండటంతో సామ్యూల్‌కు కూడా నిద్ర పట్టింది.

పొద్దున్నే ముఖం కడుక్కొని, సరోజ ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఇద్దరూ బయటికొచ్చారు. సముద్రానికి ఏ బస్సెక్కాలో ఎవరినైనా అడగమంది. సామ్యూల్ ఒకరి ముఖం చూసి వద్దనుకున్నాడు, ఇంకొకరి ముఖం చూసి వద్దనుకున్నాడు. అడగకుండానే నడిచాడు. కాళ్లు వాటికి అలవాటైన దారినే పట్టుకుపోయాయి. కాసేపటికి ఒక కూడలిలో వందమంది దాకా మనుషులు తట్టలు, పారలు పెట్టుకొని కూర్చున్న చోట తేలారు. అది కూలీల అడ్డా. అందులో నాలుగు తెలుగు మాటలు వినిపించేసరికి సామ్యూల్ ప్రాణం కుదుటపడింది.

“ఈడ కూసొని తిందాం. మనోళ్లను అడిగితె బస్సు గూడ జెప్తరు” అన్నాడు.

అరుగు మీద మూట విప్పారు. సామ్యూల్ కళ్లు మూసుకొని ప్రార్థన అందుకున్నాడు. ప్రార్థన పట్టాడంటే అంత తొందరగా వదలడు. వానల కోసం, అఖిల చదువు కోసం, నాగప్ప నోరు కోసం కూడా వేడుకొన్నాడు. సరిగ్గా అప్పుడే ఒక టెంపో వచ్చి ఆగింది. ముందు నుంచి ఒకడు దిగి విజిల్ ఊదాడు. “జోడీ! జోడీ చాహియే, జల్దీ!”

ఆమెన్ అన్న నోరు ఇంకా మూసుకోనే లేదు, సామ్యూల్ మూట ముడేసి టెంపో ఎక్కేశాడు. సరోజ ఏం తక్కువ తినలేదు. అతను చెయ్యి అందిస్తే పట్టుకొని తానూ ఎక్కింది. వెనక జనం తోసుకుంటుంటే జాగా దొరికినందుకు లోపల్లోపల సంతోషం కూడా కలిగింది. తువాలు తీసి తట్ట పెట్టుకోవడానికి నెత్తిన చుట్ట చుట్టుకుంది. టెంపో కదిలింది. పదేళ్ల అలవాటు అంటే అదీ. మనిషి ఇంకా ఆలోచించుకునేలోపల ఒళ్లు పనికి వెళ్లిపోతుంది.

పక్కన కూర్చున్న పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసింది. నెత్తి సగం నెరిసింది, ఒళ్లో ఇనుప తట్ట.

“ఏ ఊరు పిల్లా?”

“అమరచింత దిక్కు అక్కా.”

“నాది తెలకపల్లి. బాలమణి అంటరు. అయినా పిల్లా, కొత్త చీర కట్టుకొని కూలికొస్తవా? మాలు పడితె మరక పోదు, తెల్వదా?”

సరోజ తల దించి చీర చూసుకుంది. నెత్తి మీది చుట్ట తడుముకుంది. ఒక్కసారిగా దాన్ని లాగేసింది.

“అయ్యో అక్కా! మేం కూలికి రాలె!”

“మరెందుకొచ్చిన్రు?”

“సముద్రం సూడనీకి వచ్చినం.”

టెంపోలో ఉన్న తెలుగువాళ్లంతా ఘొల్లున నవ్వారు. సరోజ నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పంట అమ్ముకొని, ఊళ్లో మాటలు పడి, రైల్లో నిలబడి వచ్చింది ఇందుకేనా? చివరికి ఎవరూ బలవంతం చెయ్యకుండానే, తన కాళ్లతో తానే ఎక్కి కూర్చుంది. అదే ఎక్కువ బాధేసింది.

“దిగుదాం” అంది మొగుడితో.

సామ్యూల్ ఇబ్బందిగా కదిలాడు. “ఎక్కనే ఎక్కితిమి. ఇయ్యాల్టి కూలి వస్తె చార్జీలు ఎల్తయి గద. రేపు పొద్దుగాల్నే పోదాం, సముద్రం యాడికి పోతది?”

“సముద్రం యాడికి పోదు. రేపే పోతది” అంది సరోజ. “పదేండ్లు ఆయితారం అంటివి. నేనేమన్న అంటినా? ఒక్కనాడు అఖిల నాయినా. ఒక్కనాడు నా పక్కకు కూసో. మల్ల అడగ.”

సామ్యూల్ ఆమె ముఖం చూశాడు. స్లాబు మీద నుంచి సముద్రం కనబడ్డదని ఆమె చెప్పిన నాడు, రొట్టె మధ్యలో కునికిపాట్లు పడకుండా ఉంటే ఈ ముఖమే కనిపించేదేమో. సిగ్నల్ దగ్గర టెంపో ఆగింది. అతను లేచి ముందువైపు రేకును అరచేత్తో బాదాడు. జీవితంలో మొదటిసారి ఒక మేస్త్రీని తానే పిలిచాడు.

విజిల్ మనిషి చికాకుగా తల బయటికి పెట్టాడు. “క్యా హై?”

“సాబ్, హమ్ కామ్ కూ నై ఆయే. దేఖ్‌నే కూ ఆయే.”

“క్యా దేఖ్‌నే కూ?”

“సమందర్” అన్నాడు సామ్యూల్.

ఆ మనిషి అతన్ని చూశాడు, ఆకుపచ్చ చీర కట్టిన సరోజను చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, చెయ్యి విసిరి, “ఉతరో, ఉతరో” అన్నాడు. తిట్టాడో నవ్వాడో వాళ్లకు అర్థం కాలేదు. దిగేశారు.

దిగాక సరోజ వెనక్కి తిరిగి చూసింది. బాలమణి టెంపో అంచు పట్టుకొని వాళ్లనే చూస్తోంది.

“నాకు ఈడ ఎన్నేండ్లాయెనో యాది గూడ లేదు. సముద్రమైతె నేనూ సూడలె” అంది.

“మరి రా అక్కా” అంది సరోజ. ఆలోచించి అన్న మాట కాదు, నోటికొచ్చేసింది.

“ఇయ్యాల్టి కూలి పోతది గదనే.” బాలమణి తట్ట వైపు చూసుకుంది. సిగ్నల్ పచ్చబడింది, వెనక హారన్లు మోగాయి. టెంపో కుదుపుతో కదిలింది. అంతలో ఇనుప తట్ట ఒకటి ఖంగున రోడ్డు మీద పడింది. దాని వెనకే బాలమణి దిగింది. “జోరమొచ్చి పండుకుంటె పోతలేదా ఒక్కో దినం? ఒంట్ల మంచిగున్నప్పుడు గూడ ఒక దినం పోగొడ్త. పోదాం పాండ్రి!”

ఆమె దిగేసరికి వాళ్లకు దారి అడిగే ఇబ్బంది కూడా తీరింది. బాలమణికి ఎవరినైనా ఆపి అడగడానికి మొహమాటం లేదు. అడిగి, రెండంతస్తుల ఎర్ర బస్సు ఎక్కించింది. సరోజ పరుగున మెట్లెక్కి, పై అంతస్తులో అన్నిటికంటే ముందున్న సీటు పట్టుకుంది. ముందు అద్దం తప్ప ఏమీ అడ్డం లేదు. చెట్ల కొమ్మలు ముఖం మీదికొచ్చినట్టే వచ్చి పక్కకు తప్పుకుంటున్నాయి. గాలి చీర కొంగును ఎగరేస్తోంది. ఆ ఊళ్లో ఎత్తుకు ఎక్కి, నెత్తిన ఏమీ లేకుండా కూర్చోవడం సరోజకు అదే మొదలు.

“రెండో స్లాబంత ఎత్తున్నం” అంది.

“ఊకో, ఇయ్యాల స్లాబు మాట తియ్యకు” అని సామ్యూలే కోప్పడ్డాడు. మెల్లగా అతనికీ హుషారు వచ్చింది. అద్దాల దుకాణాలు వస్తే వంగి చూశాడు. లోపల బొమ్మలకు తొడిగిన కోట్లు చూసి, ఈ ఎండలో వాటికి ఎంత ఉక్కపోస్తుందో అని జాలిపడ్డాడు. బస్సు దిగాక ఒక వడాపావ్ కొని ముగ్గురూ పంచుకున్నారు. బాలమణి తన వంతుగా చాయ్ తాగించింది. ఒక పార్కులో పచ్చిక మీద కాళ్లు చాపుకున్నారు. నీడకు ఎవరూ పైసలడగలేదు. బొంబాయి ఇంత మంచి ఊరని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

చౌపాటి ఇసుక దగ్గరికొచ్చేసరికి ఎండ వాలింది. సరోజ ముందు నడుస్తోంది. సముద్రం కనిపించగానే ఆగి, మొగుడి కోసం వెనక్కి తిరిగింది. ఆమె సముద్రాన్ని చూడటం లేదు, సామ్యూల్‌ను చూస్తోంది.

“సముద్రమైతె ఏంది, నీళ్లే గద, మనకు కిష్ణ లేదా” అని రైల్లో అన్న సామ్యూల్ నీళ్ల దాకా నడిచాడు. చెప్పులు చేత్తో పట్టుకొని నిలబడిపోయాడు. అల వచ్చి పాదాలు తడిపి, కాళ్ల కింది ఇసుక లాక్కొని పోయింది. బాలమణి తట్టతో నీళ్లు ముంచి, పసిపిల్లలాగా తన కాళ్ల మీదే పోసుకుంటోంది.

సామ్యూల్ సరోజ వైపు తిరిగి అడిగాడు. “గిదంత నువ్వు ఆనాడు ఒక్కదానివే సూసినవా?”

“గింత కనవడలె. కొస కనవడ్డది. ఒక్కదాన్నే సూస్తె ఏం మంచిగనిపిస్తది? గందుకే నిన్ను తోల్కొస్తి.”

సామ్యూల్ తల పక్కకు తిప్పుకున్నాడు. “నాతోని గట్టిగ కొట్లాడకపోయినవా” అన్నాడు. సరోజ అతని భుజం మీది ఇసుక దులిపింది. అక్కడ ఇసుకేమీ లేదు.

అక్కడి నుంచి ఒడ్డు వెంట నడిచి, పొడుగాటి సిమెంటు గోడ మీద కూర్చున్నారు. గోడ పొడుగునా కాలేజీ పిల్లలు జంటలు జంటలుగా కూర్చొని ఉన్నారు. సామ్యూల్ మొహమాటపడి మధ్యలో మూట పెట్టబోయాడు. సరోజ మూట తీసి అటు పక్కన పెట్టి, దగ్గరికి జరిగి కూర్చుంది. ఊళ్లో అట్లా కూర్చుంటే నాగప్ప పంటకాలం దాకా చెప్పుకొని నవ్వేవాడు. ఇక్కడ వాళ్లను చూసినవాడే లేడు. బాలమణి తట్ట బోర్లించి దాని మీద రొట్టెలు పరిచింది. సామ్యూల్ ఈసారి ప్రార్థన చిన్నదిగా చేశాడు. దేవుణ్ని ఏమీ అడగలేదు, వందనాలు చెప్పి ఊరుకున్నాడు.

రొట్టెలో పల్లీపొడి నంజుకుంటూ ముగ్గురూ నీళ్ల మీద దిగిపోతున్న పొద్దును చూస్తున్నారు. ఉన్నట్టుండి వెనక నుంచి విజిల్ గట్టిగా మోగింది.

ముగ్గురూ ఒకేసారి లేచి నిలబడ్డారు. సామ్యూల్ చేతిలోకి మూట ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు. రొట్టె ముక్కలు చిందరవందరగా పడ్డాయి, బాలమణి తట్ట అందుకుంది, సరోజ చెయ్యి నెత్తి మీదికి పోయింది. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మీద ఒక ట్రాఫిక్ పోలీసు. సిగ్నల్ దాటిన మోటారుసైకిల్ వాణ్ని ఆపుతున్నాడు. ఈ ముగ్గురి వైపు చూడను కూడా చూడలేదు.

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మొదట బాలమణి నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. నవ్వి నవ్వి సరోజకు కళ్లు తడిసిపోయాయి. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో ఆమెకు తెలియలేదు. నిలబడే ఉంది. నెత్తి మీది చెయ్యి ఇంకా దిగలేదు.

సామ్యూల్ ఆ చెయ్యి పట్టుకొని దించాడు. మూట పక్కన పెట్టి, గోడ మీద తాను ముందు కూర్చొని, పక్కన జాగాను తువాలుతో తుడిచాడు.

“కూసో సరోజా” అన్నాడు. “మనల్ని గాదు.”